బీన్స్ లేని చిల్లీ

చిల్లీ అనే అమెరికన్ మాంసం కూరని రాజ్మా కూర అనుకుంటే టెక్సాస్‌వాళ్లు ఒప్పుకోరు. 19వ శతాబ్దం చివర్లో అక్కడి శాన్ ఆంటోనియో నగర కూడళ్లలో 'చిల్లీ క్వీన్స్' అని పేరుపడ్డ ఆడవాళ్లు అమ్మిన వంటకమిది. 1977లో ఆ రాష్ట్ర అధికారిక వంటకమైంది కూడా.

కిలో బీఫ్ ముక్కలకి ఆరు ఎండు ఆంచో (కారం తక్కువుండే మెక్సికన్ రకం) మిరపకాయలు. గింజలు తీసి పెనం మీద అర నిమిషం వేయిస్తే చాలు. మాడితే చేదెక్కుతుంది, ఆ చేదు తర్వాత ఏం వేసినా పోదు. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి రుబ్బాలి. మాంసం కొద్దికొద్దిగానే వేయించండి. ఒక్కసారే గుమ్మరిస్తే నీళ్లూరి, ఎర్రబడకుండానే ఉడికిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, రెండు చెంచాల జీలకర్ర పొడి, ఉప్పు, మిరప ముద్ద, మునిగేదాకా నీళ్లు. సన్నసెగ మీద రెండున్నర గంటలు. తెర్లనిస్తే ముక్క గట్టిపడుతుంది.

ఆంచో దొరక్కపోతే బ్యాడిగి వాడొచ్చు. గుంటూరు మిర్చి అదే లెక్కన వేశారో, నోట్లో పెట్టలేరు!