తేనెపిట్టకి రంగొచ్చింది

కనుమ రోజు పొద్దున్న పెరట్లో గిన్నెలు తోముతుంటే మునగ చెట్టు మీద ఒక పిట్ట కనబడింది. మొత్తం కలిపి పది సెంటీమీటర్లు ఉంటుందేమో. వీపు బూడిద కలిసిన ఆకుపచ్చ, పొట్ట లేత పసుపు. గొంతు నుంచి పొట్ట దాకా కాటుకతో గీసినట్టు ఒక నల్లని చార. ఎడమ చెంప మీద ఒక్క ఈక మాత్రం నల్లగా ఉంది. చూడగానే పాపం, దీనికేదో జబ్బు చేసిందనుకున్నాను. చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి కెమెరా తెచ్చేసరికి ఇంకా అక్కడే ఉంది. ఒక్కో మునగ పువ్వులోకీ వంకర ముక్కు దూర్చి తీస్తోంది.

జబ్బు కాదని రాత్రి ఫోటో పెద్దది చేసి చూశాకే తెలిసింది. అది మగ తేనెపిట్ట. గూడు కట్టే కాలం అయిపోయాక దాని మెరుపు ఈకలు రాలిపోయి ఇంచుమించు ఆడపిట్టలా అయిపోతుంది, ఆ నల్ల చార ఒక్కటీ మిగుల్తుంది. మళ్ళీ జత కట్టే రోజులొచ్చేసరికి కొత్త ఈకలొచ్చి ఒళ్ళంతా నల్లని నీలంగా మారుతుంది. నేను చూసిన ఆ ఒక్క ఈకా కొత్త బట్టలో మొదటి పోగన్నమాట. ఆ రాత్రే అనుకున్నాను, ఈ పిట్టని ఉగాది దాకా వదలకూడదని.

మాది పర్లాకిమిడి. నా పుట్టిల్లు పక్కనే పాతపట్నం, అటు ఆంధ్రా, ఇటు ఒడిశా. మా ఇల్లు పాతకాలం పెంకుటిల్లు, వెనక తూర్పుకి పెరడు. మునగ, రెండు మందారాలు, ఒక జామ, గోడ వార అరటి. కెమెరా మా ఆయనది, కేనన్ 1500డీ, దానికి దూరాన్ని దగ్గర చేసే 250 మి.మీ. లెన్సు. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ తప్ప బీరువాలోంచి బయటికి వచ్చేది కాదు.

మొదటి రెండు వారాలూ నాకు ఏడుపొక్కటే తక్కువ. వంటింటి గుమ్మంలో నిలబడి తీస్తే పిట్ట బొగ్గుముక్కలా వచ్చేది. పొద్దుటి ఎండ దాని వెనకనుంచి వచ్చేది, పైగా కొమ్మ వెనక అంతా తెల్లని ఆకాశం. కెమెరా ఆకాశాన్ని లెక్కలోకి తీసుకుని పిట్టని చీకటి చేసేస్తుంది. ఎక్స్‌పోజరు, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒక మెట్టు పెంచి చూశాను. పొట్ట పసుపు కనబడింది కానీ కొత్తగా వస్తున్న ఈకల్లో నీలం మాత్రం రాలేదు. కంటికి కనబడ్డ మెరుపు ఫోటోలో ఎక్కడికి పోతోంది?

దీని గురించి చదివితే సంగతి తెలిసింది. ఆ నీలం ఈకకి అద్దిన రంగు కాదు. ఈక లోపల కంటికి ఆనని సన్నని పొరలుంటాయి, వాటి మీద వెలుగు పడి వెనక్కి వచ్చేటప్పుడు పుట్టే రంగు అది. సబ్బు బుడగ మీద తిరిగే రంగులు చూశారు కదా, ఇంచుమించు అలాగే. వెలుగు సరైన వైపు నుంచి పడకపోతే ఈక ఉట్టి నలుపే. మర్నాడు పొద్దున్న ఏడున్నరకి పెరటి చివర గోడ దాకా వెళ్ళి, సూర్యుణ్ణి నా వీపు వెనక పెట్టుకుని, ఇంటి వైపు తిరిగి నిలబడ్డాను. షట్టర్ వెయ్యో వంతు సెకనులో పెట్టాను, ఎందుకంటే ఈ పిట్ట అరక్షణం కుదురుగా ఉండదు. అది తల ఇటు తిప్పింది. చెంప మీద నీలం, మెడ దగ్గరికి వచ్చేసరికి ఊదా, మళ్ళీ తల తిప్పగానే నలుపు. మూడు క్లిక్కుల్లో మూడు రంగులు. కెమెరా వెనక స్క్రీను మీద అది చూసుకుంటుంటే నా చేతులు వణికాయి.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే చోటు నుంచి ఒక ఫోటో. ఇది ఆ పిట్టేనా అని మా ఆయన అడిగారు. మచ్చలు చూపించాను. ఎడమ చెంప ఈక, ఆ పక్క వారం దాని కింద ఇంకో రెండు, రథసప్తమి వెళ్ళిన ఆదివారానికి గొంతంతా. ఒక వారం మచ్చ మీదే తరవాతి వారం మచ్చ పెరుగుతూ వచ్చింది. కుడివైపు ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంది.

ఫిబ్రవరి 16న గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో కూడా కూర్చున్నాను. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలుపెట్టారు, 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనబడ్డ పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించడమే. పిగిలిపిట్టలు, గోరింకలు, చిలకలు, కాకులు, ఒక జెముడుకాకి, అన్నీ కలిపి పదకొండు రకాలు వచ్చాయి. తేనెపిట్ట దగ్గర "1" అని కొడుతుంటే మన ఇంటివాళ్ళ పేరు రేషను కార్డులో ఎక్కించినట్టనిపించింది.

మిగతావాళ్ళు కూడా ఆ రోజుల్లోనే ఒక్కొక్కరే గొంతు విప్పారు. చలికాలమంతా నోరు మెదపని మేగ్‌పై రాబిన్, ఆ నలుపూ తెలుపూ పిట్ట, తెల్లారకముందే పక్కింటి డాబా మీద పాట అందుకుంది. కోయిల సంగతి చెప్పక్కర్లేదు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) ఒకరోజు గోడ మీదుగా నన్ను పిలిచి వాళ్ళ మామిడి చెట్టు చూపించారు. ఒళ్ళంతా పసుపుపచ్చగా, తల నల్లగా, ముక్కు ఎర్రగా ఒక పిట్ట పూత మధ్యలో కూర్చుని ఉంది. మేం వంగపండు పిట్ట అంటామని చెప్పాను. "మేం హళదీ బసంత అంటాం" అన్నారావిడ. హళదీ అంటే పసుపు, బసంత అంటే వసంతం. ఆ పేరు విని ఆ రోజంతా నోట్లో పెట్టుకుని తిరిగాను. ఒక పిట్టకి ఇంతకన్నా మంచి పేరు ఎవరైనా పెట్టగలరా?

మార్చి 14, డోల పున్నమి. వీధిలో పిల్లలు రంగులు చల్లుకుంటుంటే నేను గోడ వారే ఉన్నాను. మా పిట్ట మునగ చిటారు కొమ్మ మీద కూర్చుని గట్టిగా పాడుతోంది. ఒంటి మీద పసుపు ఎక్కడా లేదు, కుడివైపు కూడా నిండిపోయింది. కాసేపటికి రెక్కలు కాస్త విప్పి అల్లాడించింది. రెక్కల కింద దాచుకున్న కుచ్చులు, నిప్పు రంగూ పసుపూ కలిసినవి, ఒక్క క్షణం బయటపడ్డాయి. అవి ఉంటాయని చదివాను గానీ చూడటం అదే మొదలు. ఎదురుగా కొమ్మ మీద ఆడపిట్ట.

తరవాతి పదిరోజులకి ఆ ఆడపిట్ట వెనక వసారా చూరు కిందికి రావడం మొదలుపెట్టింది. గాల్లోనే రెక్కలాడిస్తూ నిలబడి, మూలనున్న సాలెగూడు ముక్కుతో లాగి, మీసంలా వేలాడుతుంటే పట్టుకుపోయేది. తేనెపిట్ట గూడుకి బంక అదే. ఎండుగడ్డి, ఆకు ముక్కలు, బెరడు పీచు అన్నీ సాలీడు దారంతో కలిపి సంచిలా వేలాడగడుతుంది, గుమ్మం పైన చిన్న చూరు కూడా పెడుతుంది. కట్టేదంతా ఆడదే. మా దండెం తీగ చివర, మేకు దగ్గర మొదలెట్టింది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య ఉగాదికి బూజుకర్ర తీశారు. ముందుగది, దేవుడి గది అయిపోయి వసారాలోకి వస్తున్నారు.

"అత్తయ్యా, వెనక చూరు ఒక్కటీ ఉంచేయండి."

"పండగపూట ఇంట్లో బూజేటమ్మా?"

కెమెరా తెచ్చి స్క్రీను మీద ఫోటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ముక్కు చివర తెల్లని దారం, దారం చివర ఒక ఎండుటాకు ముక్క. "ఇల్లు కట్టుకుంటంది," అన్నారు. బూజుకర్ర గోడకి ఆనించేశారు.

ఉతికిన బట్టలు ఇప్పుడు ముందు వాకిట్లో ఆరుతున్నాయి. గూటి ఫోటోలు వంటింటి కిటికీలోంచే తీస్తున్నాను, ఫ్లాష్ లేకుండా, పూటకి రెండో మూడో. ఇవాళ పణా సంక్రాంతి, ఒడియావాళ్ళ కొత్త సంవత్సరం. మావుసి వాళ్ళ తులసి మీద కట్టిన కుండలోంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. గూటి గుమ్మంలోంచి సన్నని వంకర ముక్కు ఒక్కటే బయటికి కనబడుతోంది, పొదుగుతోంది. వెనక చూరు బూజు ఇంకా దులపలేదు.