ఛాతీలో మాస్ (గడ్డలాంటి నీడ) కనిపిస్తే ముందు "ఇది రక్తనాళమా?" అని అడగండి

రేడియాలజీ ప్రాక్టికల్స్‌కి చదువుతున్న మిత్రులకు నమస్కారం. చెస్ట్ కేసుల్లో నేను పట్టుబట్టి చదివినదీ, వైవాలో (మౌఖిక పరీక్షలో) నాకు బాగా అక్కరకొచ్చినదీ ఒక చిన్న భాగం: మాస్‌లా కనిపించే రక్తనాళాలు. పుస్తకాల్లో ఇవన్నీ ఒకచోట దొరకవు. కొన్ని మీడియాస్టైనమ్ (రెండు ఊపిరితిత్తుల మధ్య భాగం) చాప్టర్లో, కొన్ని పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల్లో, కొన్ని వాస్కులైటిస్‌లో (రక్తనాళాల వాపు జబ్బుల్లో) ఉంటాయి. అందుకే చాలామంది "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టేస్తారు. ఎగ్జామినర్లు మాత్రం వీటిని వదలరు. ఇక్కడ తొందరపడి "బయాప్సీ చేయిస్తాను" అన్నామంటే, సూది రక్తనాళంలోకే దిగి రోగి ప్రాణం మీదికే వస్తుంది.

జబ్బుల పేర్లతో లిస్టు రాసుకుంటే నాకు గుర్తుండలేదు. ఎక్స్‌రేలో చోటుని బట్టి రాసుకున్నాక గుర్తుండిపోయాయి. కుడివైపు ట్రాకియా (శ్వాసనాళం), బ్రాంకస్ (దాని కొమ్మ) కలిసే మూల ఉబ్బెత్తుగా ఉంటే అజైగస్ (ఛాతీ గోడ నుంచి రక్తం తెచ్చే సిర). గుండె ఎడమ అంచున మాస్ ఉండి, స్టెర్నమ్ (ఛాతీ ముందు ఎముక) మీద వైర్లు కూడా కనిపిస్తుంటే బైపాస్ గ్రాఫ్ట్ అన్యూరిజమ్ (బైపాస్ ఆపరేషన్‌లో కుట్టిన నాళం ఉబ్బడం) అని మనసులో మెదలాలి. లెఫ్ట్ ఏట్రియమ్ (గుండె ఎడమ పై గది) పక్కన గుండ్రటి నీడ, పైగా మైట్రల్ వాల్వ్ జబ్బు ఉంటే పల్మనరీ వేరిక్స్ (ఊపిరితిత్తి సిర ఉబ్బడం). కింది లోబ్‌లో నున్నటి నాడ్యూల్, దానికి అతుక్కుని హైలమ్ (ఊపిరితిత్తిలోకి నాళాలు వెళ్లే చోటు) వైపు సాగే గీతలు ఉంటే ఏవీఎమ్ (ధమని, సిర నేరుగా కలిసిపోయిన నాళాల ముద్ద). ఎడమ కింది లోబ్‌లో, వెన్నెముక పక్కన ఎప్పటికీ తగ్గని నీడ ఉంటే సీక్వెస్ట్రేషన్ (పుట్టుకతోనే విడిగా ఏర్పడిన ఊపిరితిత్తి ముక్క) అనుకుని, అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) నుంచి వచ్చే ధమని కోసం వెతకాలి.

ఇక సీటీ. నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే. మాస్ ఎన్‌హాన్స్ అయిందా (రక్తంలోకి ఎక్కించిన కాంట్రాస్ట్ మందుతో వెలిగిందా) లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. దేనితో పాటు ఎన్‌హాన్స్ అయిందో చూడండి. ఏవీఎమ్ పల్మనరీ ఆర్టరీతో పాటు వెలుగుతుంది. వేరిక్స్ లెఫ్ట్ ఏట్రియమ్‌తో పాటు, అయోర్టా సూడోఅన్యూరిజమ్ (గోడ చిరిగి ఏర్పడిన ఉబ్బు) అయోర్టాతో పాటు వెలుగుతాయి. గడ్డకట్టిన రక్తం నిండిన అన్యూరిజమ్‌లో కొంత భాగమే వెలుగుతుంది, ఒక్కోసారి అసలు వెలగదు. అప్పుడు అంచు వెంబడి వంపు తిరిగిన కాల్షియం, మాస్ నేరుగా ఏదైనా నాళానికి అతుక్కుని ఉండటం, ఈ రెండే ఆధారం. ఇంకో చిక్కు అన్నవాహిక చుట్టూ ఉండే వేరిసెస్‌తో (ఉబ్బిన సిరలతో). అర్టీరియల్ ఫేజ్‌లో (మందు ధమనుల్లో ఉన్నప్పుడు) అవి మామూలు సాఫ్ట్ టిష్యూలాగే ఉంటాయి, పోర్టల్ వీనస్ ఫేజ్‌లోనే (కాస్త తర్వాత, మందు సిరల్లోకి చేరాక) బయటపడతాయి. కాబట్టి ఒక్క ఫేజ్ చూసి "ఇది నాళం కాదు" అని తేల్చెయ్యకండి. ఈ వేరిసెస్ సాధారణంగా లివర్ జబ్బు వల్లే వస్తాయి కాబట్టి లివర్ అంచు, స్ప్లీన్ సైజు కూడా ఓసారి చూడండి.

మౌస్ వదలకుండా స్క్రోల్ చెయ్యడం రోజూ ప్రాక్టీస్ చెయ్యండి. ఉదాహరణకి, అయోర్టిక్ ఆర్చ్‌కి ఎడమ పక్కన నిలువుగా దిగే నాళం ఒకటి కనిపించింది. లింఫ్ నోడ్ అనుకునేంత గుండ్రంగా ఉంటుంది. అది పర్సిస్టెంట్ లెఫ్ట్ ఎస్‌వీసీ (పుట్టేలోపే మాయమవాల్సింది మిగిలిపోయిన ఎడమ పెద్ద సిర) కావచ్చు, దారి తప్పిన ఎడమ పై లోబ్ పల్మనరీ వెయిన్ కావచ్చు. ఎడమ మెయిన్ బ్రాంకస్ లెవెల్‌కి వెళ్లి, దాని ముందు ఎన్ని నాళాలున్నాయో లెక్కపెట్టండి. 2 ఉంటే లెఫ్ట్ ఎస్‌వీసీ, ఒక్కటీ లేకపోతే దారి తప్పిన పల్మనరీ వెయిన్. మొదటిది సాధారణంగా కింద కరొనరీ సైనస్‌లో (గుండె సొంత సిరలు కలిసే నాళంలో) కలుస్తుంది, ఆ సైనస్ పెద్దదై కనిపిస్తుంది. రెండోది పైకి వెళ్లి లెఫ్ట్ బ్రేకియోసెఫాలిక్ వెయిన్‌లో (ఎడమ చెయ్యి, తల నుంచి వచ్చే సిరలో) కలుస్తుంది. ఈ ఒక్క స్లైస్ నాకు భలే నచ్చింది. ఎంత టెన్షన్‌లో ఉన్నా లెక్క తప్పదు.

ఏవీఎమ్ కేసు ఇస్తే వైవా చాలా దూరం పోతుంది, సిద్ధంగా ఉండండి. ఒకటికంటే ఎక్కువ ఉన్నాయేమో చూసి, హెచ్‌హెచ్‌టీ (నాళాలు సరిగా ఏర్పడని వంశపారంపర్య జబ్బు) పేరు మీరే ముందు ఎత్తండి. దాన్ని నిర్ధారించే కురసావ్ ప్రమాణాలు 4: ముక్కు నుంచి పదేపదే రక్తం, టెలాంజియెక్టేసియాలు (చర్మం, నోటి మీద ఉబ్బిన సన్నటి నాళాలు), లోపలి అవయవాల్లో ఏవీఎమ్‌లు, దగ్గరి రక్తసంబంధీకుల్లో జబ్బు. 3 ఉంటే ఖాయం. బబుల్ ఎకోలో (సిరలోకి బుడగలు ఎక్కించి చేసే గుండె స్కాన్‌లో) బుడగలు ఎడమ గుండెకి కొన్ని బీట్లు ఆలస్యంగా చేరతాయి. ఫీడింగ్ ఆర్టరీ (ఏవీఎమ్‌కి రక్తం తెచ్చే ధమని) 2 నుంచి 3 మి.మీ. దాటితే ఎంబొలైజేషన్ (నాళాన్ని లోపలి నుంచే మూసేయడం) గురించి మాట్లాడాలి. రోగికి ఊపిరితిత్తుల ఇబ్బంది ఏమీ లేకపోయినా స్ట్రోక్, బ్రెయిన్ ఆబ్సెస్ (మెదడులో చీముగడ్డ) రావచ్చు, చికిత్స అందుకే.

పల్మనరీ ఆర్టరీ అన్యూరిజమ్‌కి బెచెట్, హ్యూజ్-స్టోవిన్ (రెండూ వాస్కులైటిస్ జబ్బులే), టీబీ క్యావిటీ (గుల్ల) పక్కన వచ్చే రాస్ముసెన్ అన్యూరిజమ్ గుర్తుంటే చాలు. దీనికి తలకిందులు కేసు కూడా ఒకటుంది: ఎంబోలిజమ్ (కొట్టుకొచ్చిన రక్తపు గడ్డ) అనుకున్న ఫిల్లింగ్ డిఫెక్ట్ (మందు నిండని చోటు) మెయిన్ పల్మనరీ ఆర్టరీ మొత్తం నిండి, నాళాన్ని ఉబ్బించి, మందులకు తగ్గకపోతే సార్కోమా (ఒక రకం క్యాన్సర్) అని అనుమానించాలి.

అజైగస్ పెద్దదిగా ఉంటే ఛాతీ స్లైస్‌ల దగ్గరే ఆగకుండా లివర్ దాకా దిగండి. అక్కడ ఐవీసీ (శరీరం కింది భాగం నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) లేకుండా, హెపాటిక్ వెయిన్లు నేరుగా రైట్ ఏట్రియమ్‌లో కలుస్తుంటే అది అజైగస్ కంటిన్యుయేషన్. దీంతో పాటు స్ప్లీన్‌లోనూ తేడాలు ఉండొచ్చు కాబట్టి, స్ప్లీన్ ఒకటే ఉందా, చాలా ఉన్నాయా చూడండి. రిపోర్టులో ఈ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. కాళ్ల నుంచి వచ్చే రక్తమంతా ఆ నాళంలోంచే గుండెకి చేరుతుంది కాబట్టి, ఛాతీ ఆపరేషన్‌లో సర్జన్ దాన్ని కట్టేయకూడదు.