సెలవులో సడలే ఒళ్లు

"ఏడాదంతా పైపులు మోసేటోనికి వాకింగ్ ఎందుకు బావా?" అంటాడు బోడుప్పల్‌లో మా బామ్మర్ది, సెలవుకు ఇంటికొచ్చిన నాతో. దుబాయ్‌లో నేను చేసే స్కాఫోల్డింగ్ పని, అంటే లేస్తున్న భవనం చుట్టూ పైపులతో మంచెలు కట్టడం, జీతమిచ్చే జిమ్ అని వాడి లెక్క.

ఇరవైల్లో ఆ లెక్క నడిచింది. 6 మీటర్ల స్టీల్ పైపు దాదాపు 26 కిలోలు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ముప్పై దాటాక మాత్రం పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందట. పైగా అదే భుజం, అదే నడుం గంటల తరబడి అరుగుతాయి. దాన్ని కసరత్తు అనను.

దానికి మా అలవాట్లు తోడు. తెల్లారకముందే బస్సు, పరగడుపున చక్కెర దండిగా వేసిన చాయ్, రాత్రి పదింటికి పళ్లెం నిండా అన్నం, వెంటనే పడక. పైన పనిచేసేవాడు నీళ్లు తక్కువ తాగుతాడు. ఎందుకంటే ఒంటికి పోవాలంటే నిచ్చెనలన్నీ దిగి మళ్లీ ఎక్కాలి. మా సైట్ బాత్‌రూమ్ గోడకు మూత్రం రంగుల చార్టు ఉంది: లేత పసుపైతే సరే, చాయ్ రంగైతే ప్రమాదం. వయసు పెరిగేకొద్దీ దాహం ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి నావంటివాళ్లు నాలుకను నమ్మే బదులు చార్టును నమ్మడం నయం.

అన్నిటికన్నా నాకు టెన్షన్ సెలవు తర్వాతి వారంతోనే. ఒళ్లు వేడికి అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. వేడికి దూరమైతే వారానికే సడలడం మొదలై, నెలకల్లా దాదాపు పోతుంది. ఇక్కడ వానలు, బోనాలు, యాటకూర. ఆగస్టులో అక్కడ దిగితే 40 దాటిన ఎండ, ఉక్కపోత. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించరాదని అక్కడ రూల్ ఉంది, మంచిదే. పొద్దున పదకొండు గంటల ఉక్కకు ఏ రూలూ లేదు.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ, సెలవు నుంచి వచ్చిన పాతవాళ్లకు మొదటి రోజు సగం పనే ఇవ్వాలంటుంది; రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80, నాలుగో రోజు పూర్తి పని. మా దగ్గర తిరకాసేమంటే, కొత్తోణ్ని కాస్త చూసుకుంటారు. నన్నైతే "పాతోనివే కదా కాకా" అని మొదటి రోజే పైకెక్కిస్తాడు ఫోర్‌మన్. వాడు నిజామాబాద్ పోరడు, మంచోడే. వీసా మెడికల్‌లో రక్తం, ఎక్స్‌రే చూసి ఫిట్ అని రాస్తారు. మోకాళ్ల సంగతి ఎవరూ అడగరు.

అందుకే ఈసారి ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ నేనే మూడో అంతస్తుకు మోస్తున్నా, ఓ రోజు కుడి భుజం, ఓ రోజు ఎడమ. క్యాన్లు వేసే పిల్లగాడు ఖుషీ. ఎండ అలవాటు మాత్రం ఈ మబ్బుల్లో రాదు. వెళ్లాక మొదటి మూడు రోజులు కిందే పైపులు బిగించే క్లాంపులు ఏరే పని ఇమ్మని ఆ పోరడికి ఇప్పుడే ఫోన్ చేశా. "చూద్దాం కాకా" అన్నాడు.