అన్నం తిన్న బండ మీదుగా పడవ

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చిపెట్టి వెళ్ళింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి రాలేదు. మధురవాడలో మా అపార్టుమెంటు కింద ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి నిలబడి ఉండగా పక్కనే ఉన్న నాన్నను అడిగాను: "అసలు మన కుళాయికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి నాన్నా?" అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళే తాగుతున్నాను. ఒక్కనాడూ నాకా ప్రశ్న తట్టలేదు.

నాన్న వేళ్ళు మడిచి చెప్పారు. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు, ముడసర్లోవ జలాశయాలు. ఆయన నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యారు. తూము ఎత్తడం, దించడం, కాలువ గట్టు వెంట సైకిలు మీద తిరగడం, రాత్రిపూట ఎవరైనా గండి కొడుతున్నారేమో చూసుకోవడం ఆయన ఉద్యోగం. "విని ఏం లాభం తల్లీ, వెళ్ళి చూడాలి" అన్నారు. ఆ డిసెంబరులోనే మొదటిసారి తాటిపూడి తీసుకెళ్ళారు. అప్పటి నుంచి మాకు అదొక అలవాటైంది. సెలవు దొరికితే అందరూ బీచ్‌కు వెళ్తారు, మేము కొండల వైపు వెళ్తాం.

తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరితే పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) దారిలో ఎండ ముదరకముందే తాటిపూడి చేరుకోవచ్చు. ఇప్పుడది విజయనగరం జిల్లా. ఈ జలాశయాన్ని గోస్తనీ నదికి అడ్డంగా 1963–68 మధ్య కట్టారు. ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా వచ్చి, ఇక్కడ ఆగి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలి మా ఇంటికి దగ్గరే. చిన్నప్పటి నుంచి నది చివరి కొసను చూస్తూనే ఉన్నాను. దాని నడుమ ఇంత నిండైన నీలం ఉందని మాత్రం గట్టెక్కి చూసేదాకా తెలియదు. మూడు వైపులా కొండలు, కొండల మీద అడవి, ఆ అడవి నీడ నీటి అంచున ముదురాకుపచ్చగా పడి ఉంటుంది. పొద్దున్నే అయితే గాలి ఉండదు. నీటికాకి ఒకటి మునిగి ఎక్కడో దూరంగా తేలితే, ఆ అల గట్టు రాళ్ళను తాకేదాకా చూస్తూ కూర్చోవచ్చు.

నాన్న మాత్రం ముందుగా కొండలను చూడరు, గట్టు చూస్తారు. నీటి వైపు పేర్చిన రాళ్ళలో ఏదైనా జారిందా, ఎలుక బొరియలు ఉన్నాయా అని చూసి, తర్వాత అవతలి వైపు వాలులోకి దిగుతారు. అక్కడ ఒకచోట గడ్డి మిగతా చోట్లకంటే పచ్చగా ఉంటే ఆగిపోతారు. అక్కడ ఊట ఉన్నట్టు. వంగి దోసిలితో ఆ నీరు తీసి వెలుతురుకు పట్టి చూస్తారు. "తేటగా వస్తే భయం లేదు. ప్రతి మట్టిగట్టుకూ కొంత ఊట ఉంటుంది. బురదగా వచ్చిందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. అప్పుడు పరుగెత్తుకెళ్ళి చెప్పాలి." గట్టు మీద చెట్లు పెరగనివ్వకపోవడానికి కారణం కూడా ఆయనే చెప్పారు. చెట్టు చచ్చాక వేళ్ళు కుళ్ళి లోపల గొట్టాల్లా ఖాళీ ఏర్పడుతుంది, నీటికి అదే దారి అవుతుంది. గట్టు మీద ఫోటోలు దిగే వాళ్ళను చూసినప్పుడల్లా, కాళ్ళ కింద ఇంత కాపలా ఉందని వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది.

మన వైపు నీటికి ఉన్న పేర్లంటే నాకు ప్రాణం. వాగును గెడ్డ అంటాం, అందుకే మేఘాద్రిగెడ్డ. లోతట్టున నీరు నిలిచే మడుగు ఆవ, అందుకే కొండకర్ల ఆవ. కొండల మధ్య పల్లపు చోటు లోవ, అందుకే ముడసర్లోవ, కళ్యాణపులోవ. ఈ మాటలు తెలిస్తే బోర్డు చదవగానే ఆ నేల ఆకారం కళ్ళకు కడుతుంది. మా అమ్మాయికి పదేళ్ళు. కారులో వెళ్తుంటే ఊరి పేర్లు చదివి "ఇక్కడ నీళ్ళుంటాయి కదా తాతయ్యా" అంటుంది. చాలాసార్లు ఉంటాయి కూడా.

రైవాడ శారదా నది మీద, దేవరాపల్లి దగ్గర ఉంది. కోనాం, కళ్యాణపులోవ కూడా కొండల ఒడిలోనే ఉంటాయి. చింతపల్లి వైపు తాజంగి చలికాలంలో మంచు విడిచే వేళ చూడాలి. ఈ పేర్లన్నీ ఒకే ఆదివారంలో చుట్టేయాలని పట్టిక వేసుకునే వాళ్ళు చాలామంది. నేను ఒప్పుకోను. ఒక్క జలాశయానికే రెండు వేర్వేరు నెలల్లో వెళ్ళండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

అడవి లేకపోయినా కొండకర్ల ఆవను వదిలిపెట్టలేను. అచ్యుతాపురం దగ్గరి మంచినీటి సరస్సు అది. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్దదిగా దానినే చెబుతారు. అక్కడి పడవ చూశారా? రెండు తాటి మానులను తొలిచి, పక్కపక్కన చేర్చి కట్టిన దోనె. లోపల కూర్చుంటే నీరు మోచేతి ఎత్తులో ఉంటుంది. మాను లోపల ఉలి దెబ్బలు వేళ్ళకు తగులుతాయి, నార పోగులు నల్లబడి నున్నగా అరిగి ఉంటాయి. గెడ తోసినప్పుడు తామరాకులు దోనె అంచుకు రాసుకుంటూ ఒక పక్కకు ఒరిగి, మనం దాటగానే మళ్ళీ పరుచుకుంటాయి. ఇంజను చప్పుడు లేదు కాబట్టి పక్షులు చివరిదాకా కదలవు. తెల్లకొంగ కంటి చుట్టూ ఉన్న పసుపు రంగు నేను మొదటిసారి చూసింది ఆ దోనెలోంచే. చలికాలంలో వలస బాతులు వస్తాయి. వాటిని దగ్గర నుంచి ఫోటో తీయాలని పడవవాడిని తొందరపెట్టకండి. దూరం నుంచే చాలు.

కోపం వచ్చే విషయం కూడా చెప్పాలి. ఒక జలాశయం దగ్గర పడవ ఎక్కబోతే మాకు ఇచ్చిన లైఫ్ జాకెట్లలో మూడింటికి బకిల్సు లేవు. అడిగితే "ఏం కాదు, లోపల పట్టుకోండి" అన్నారు. దిగిపోయాం. అమ్మాయి ఏడ్చింది, అయినా దిగిపోయాం. జలాశయం ఈత కొలను కాదు. అంచున మోకాలి లోతు ఉన్న చోటే మరో రెండడుగులకు పాత నది గర్భం మొదలై నిలువు లోతు రావచ్చు. తూము దగ్గర పైకి నిశ్చలంగా కనిపించే నీరు అడుగున లాగుతూ ఉంటుంది. ఈత వచ్చు అనుకున్న కుర్రవాళ్ళే ఎక్కువగా పోతున్నారు. ఇక సీసాలు. రాళ్ళ మధ్య పగలగొట్టిన మద్యం సీసాలు ఏరడానికి నేనొక గోనెసంచి కారులోనే ఉంచుతాను. ఆ నీళ్ళు తాగేది మనమే.

ఇప్పుడు రెండు నెలల సంగతి. రెండేళ్ళ క్రితం మేలో తాటిపూడి వెళ్ళాం. నీటిమట్టం బాగా దిగిపోయింది. కొండ చుట్టూ, నీటికీ చెట్లకూ మధ్య, బోసిగా ఒక పట్టీ తేలింది. పాత మోడులు, ఎప్పటివో గట్ల ఆనవాళ్ళు, నీళ్ళలో ఉండి తెల్లబడిన రాళ్ళు బయటపడ్డాయి. వాటి మధ్య ఒక వెడల్పాటి బండ, పక్కన చిన్న చెట్టు నీడ. దాని మీద కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. చేతులు కడుక్కోవడానికి అమ్మాయి నీటి వైపు నడిచింది. మట్టి పైకి ఎండి అప్పడాల్లా పగుళ్ళు విచ్చి ఉంది, కింద మాత్రం అంతా ఒండ్రు. నాలుగడుగులు వేసిందో లేదో మోకాలి దాకా దిగబడిపోయింది. నేను పరుగెత్తబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. "నువ్వూ దిగబడతావు." ఆయన బండ మీద పరిచిన జంబుకానాను మడిచి బురద మీద వేసి, దాని మీద మోకాళ్ళ మీద వెళ్ళారు. "కాలు లాగకు తల్లీ. వెనక్కి వాలు, కూర్చున్నట్టు వాలు. ఇప్పుడు మెల్లగా ఆడించు." కాలు చుట్టూ నీరు ఊరి, సుమారు పది నిమిషాలకు బయటకు వచ్చింది. చెప్పు మాత్రం లోపలే ఉండిపోయింది. ఎర్ర పట్టీ ఉన్న కొత్త చెప్పు.

ఆ రోజు నుంచి నీరు తగ్గిన చోట ఎండు మట్టి మీద మేము నడవం, రాళ్ళ మీదే నడుస్తాం. మీరూ అంతే చేయండి.

వానలు పడ్డాయి, అక్టోబరు, నవంబరు దాటాయి. డిసెంబరు చివర్లో అదే చోటుకు మళ్ళీ వెళ్ళాం. గట్టు దాకా నీరు. బోసి పట్టీ లేదు, మోడులు లేవు, నీరు నేరుగా అడవిలోకి వెళ్ళి ఆగింది. పడవ ఎక్కాం. బకిల్సు ఉన్న జాకెట్లే ఇచ్చారు, నాన్న ఒక్కొక్కటీ లాగి చూశారు. కొంత దూరం వెళ్ళాక ఆయన వెనక్కి తిరిగి గట్టునూ, ఎదుటి కొండ మీది ఒంటి చెట్టునూ చూసి లెక్క వేసుకున్నారు. "ఇక్కడే మనం అన్నం తిన్న బండ" అన్నారు. పడవవాడు గెడ దించి చూశాడు, అడుగు అందలేదు. "రెండు నిలువులు ఉంటుంది" అన్నాడు.

అమ్మాయి పడవ అంచు పట్టుకుని కిందికి చూసింది. ఆకుపచ్చ నీరు తప్ప ఏమీ కనబడలేదు.

"నా చెప్పు ఇంకా అక్కడే ఉందా తాతయ్యా?"

"ఉంటుంది తల్లీ. మేలో వచ్చి చూద్దాం."