బజ్జీల నూనెతో ఆదిలాబాద్ దాకా: బండి కంటే ముందు డ్రమ్ము

వాడిన వంటనూనెతో బండి నడపాలనుకునేవాళ్లు మొదట కిట్ గురించే అడుగుతారు, అంటే డీజిల్ మీద స్టార్ట్ చేసి వేడెక్కాక నూనెకు మార్చే సరంజామా గురించి. రెండో ట్యాంకు ఎక్కడ పెట్టాలి, వాల్వు ఎక్కడ దొరుకుతుంది, ఎవరు బిగిస్తారు అని. అది ఆటోనగర్‌లో ఒకట్రెండు రోజుల పని. బండిని ఆదిలాబాద్ దాకా తీసుకెళ్లి మళ్లీ వరంగల్ చేర్చేది మాత్రం ఇంటి వెనక డ్రమ్ములో నెల ముందే మొదలుపెట్టే పని. ఆ ఓపిక లేకపోతే డీజిలే పోయించుకోండి, చవకలో పోతుంది.

బండి సంగతి తొందరగా తేల్చేద్దాం. పాత ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు దీనికి బాగా పనికొస్తాయి. 2112 సీసీ పెజో ఇంజనున్న మహీంద్రా జీపులు, 1489 సీసీ డీజిల్ అంబాసిడర్లు ఈ కోవలోవే. వీటిలో నూనె ముందు చిన్న గదిలో అంటుకుని తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది కాబట్టి కాస్త చిక్కగా ఉన్నా కాలుతుంది. ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ లోడు మీద తిప్పితే పిస్టన్ రింగులు పట్టేస్తాయి. ఇంధనాన్ని ఒకే గొట్టంలో విపరీతమైన ఒత్తిడితో నిలిపి కొట్టే కామన్ రైల్ బండ్ల జోలికి అసలు పోవద్దు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో ఇంకో చిక్కుంది. పొగ ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసుకోవడానికి చాలా బండ్లలో ఇంజన్ ఆలస్యంగా ఇంకోసారి ఇంధనం కొడుతుంది. డీజిలైతే ఆవిరవుతుంది. వంటనూనె ఆవిరి కాక సిలిండర్ గోడల మీదుగా కింద ఇంజనాయిల్ ఉండే చాంబర్‌లోకి జారుతుంది.

ఇంజన్ కంటే ముందు దానికి ఇంధనం కొట్టే పంపు మీదున్న నేమ్‌ప్లేటు చూడండి. ఇన్‌లైన్ పంపు అయితే నిశ్చింత, దాని క్యామ్‌కు ఇంజనాయిలే అందుతుంది. రోటరీ పంపులకు కొట్టే ఇంధనమే గ్రీజు కూడా. బాష్ వీఈ రకం వేడి నూనెను తట్టుకుంటుంది. లూకాస్-సీఏవీ రోటరీ పంపు మాత్రం చల్లటి చిక్కటి నూనె తగిలితే లోపల పట్టేసి ఇరుసు విరగ్గొట్టుకుంటుంది. ఆ పంపున్న బండిని ఈ పనికి కొనకండి.

ఇదంతా చిక్కదనం గొడవే. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ ఉంటే వంటనూనెది 35, 40 దాకా ఉంటుంది. 70, 80 డిగ్రీలకు వేడి చేస్తే 10, 15 దగ్గరికి దిగుతుంది. అంతకంటే చల్లగా పంపితే నాజిల్ దాన్ని తుంపర చేయలేదు. ధారలా పడి సగం కాలుతుంది, నాజిల్ మూతి చుట్టూ బొగ్గు కడుతుంది. రామగుండం మే నెల ఎండ కూడా ఈ పనికి చాలదు, ఇంజన్ వేడి కావాల్సిందే.

ఇక నూనె. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు 2019 మార్చి 1 నుంచి లెక్క రాయాలని, వాడిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. కాబట్టి పెద్ద హోటల్ వెనక గుమ్మం దగ్గర నిలబడి లాభం లేదు. మిగిలేవి హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల మిర్చి బజ్జీ బండ్లు, స్వగృహ పిండివంటల దుకాణాలు. సంక్రాంతి ముందు సకినాలు కాల్చే దుకాణాల నూనె అన్నిటికంటే మేలు. బియ్యప్పిండి త్వరగా అడుగుకు దిగుతుంది, నూనె కూడా ఎక్కువసార్లు కాగి ఉండదు. బజ్జీ నూనెలో శనగపిండి మెత్తగా తేలుతూనే ఉంటుంది, ఫిల్టర్‌ను మింగేసేది అదే. చికెన్ 65 వేయించిన నూనె ఉచితంగా ఇచ్చినా వద్దనండి. కోడి కొవ్వు, రంగు, మసాలా ముద్ద కలిసి ఉంటాయి. డాల్డాలో వేయించేవాళ్ల నూనె మన ఎండాకాలం రాత్రుల్లోనే పేరుకుపోతుంది.

ఏ నూనె అని అడగడం మర్చిపోవద్దు. పామాయిల్ అయోడిన్ విలువ 60 లోపే. పత్తిగింజల నూనెది 100 దాటుతుంది, పొద్దుతిరుగుడుది 120 దాటుతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ గాలి, వేడి తగిలినప్పుడు నూనె వార్నిష్‌లా బంకగా మారే గుణం పెరుగుతుంది. పత్తి పండే జిల్లా కదా, పత్తిగింజల నూనె చవకగా దొరుకుతుంది. అయినా లీటరుకు రెండు రూపాయలు ఎక్కువైనా పామాయిలే తీసుకోండి. రాగి ఈ బంక కట్టడాన్ని ఇంకా తొందరపెడుతుంది. పాత జీపుల్లో ఇంధనం లైను రాగిదే ఉండొచ్చు, దాన్ని మార్చేయాలి. స్టీలు గానీ అల్యూమినియం గానీ వాడండి. జింకు పూసిన రేకు ట్యాంకు కూడా వద్దు.

నీళ్లు తీయడం దగ్గరే అందరూ తొందరపడతారు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము తీసుకుని అడుగు నుంచి జానెడు ఎత్తులో ఒక కుళాయి, కింద మడ్డి వదలడానికి ఇంకొకటి పెట్టించండి. నూనెను 60 డిగ్రీలకు వేడి చేసి కదపకుండా వదిలేయండి, రెండు వారాలకు తక్కువ కాకుండా. కట్టెల మంట పెట్టొద్దు. నీళ్లున్న నూనె ఒక్కసారిగా పొంగి మంటలో పడుతుంది. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్డు కూడా వద్దు, దాని చుట్టూ నూనె మాడిపోతుంది. థర్మోస్టాట్ ఉన్న తక్కువ వాట్ల ఎలిమెంటు మంచిది. తర్వాత పరీక్ష: పొడి స్టీలు గిన్నెను పొయ్యి మీద బాగా కాగనిచ్చి ఒక గరిటె నూనె పోయండి. చిటపటమంటే ఇంకా పనికిరాదు. చప్పుడు లేకుండా అంచుల వెంబడి సన్నటి బుడగలు వరుసగా లేస్తే ఇంకో వారం ఆగాలి. నూనె కదలకుండా పల్చగా పరుచుకుని ఊరుకుంటేనే ఆరినట్టు. రేప్‌సీడ్ నూనెను ఇంధనంగా వాడటానికి జర్మనీ పెట్టుకున్న డిఐఎన్ 51605 ప్రమాణం ప్రకారం కిలో నూనెలో నీరు 750 మిల్లీగ్రాములు మించకూడదు. బజ్జీ పిండిలోని ఉప్పు నూనెలో కరగదు, ఆ నీటి చుక్కల్లోనే ఉంటుంది. నీళ్లు పోతే చాలావరకు ఉప్పూ పోతుంది. పోకపోతే పంపు లోపల తుప్పు మొదలవుతుంది.

వడపోత పై కుళాయి నుంచి వచ్చిన నూనెకే. ముందు పాత పంచె నాలుగు మడతలు, తర్వాత 10 మైక్రాన్ల సంచి, చివర 5, వీలైతే 1. చల్లటి నూనె కిందికి దిగదు, 50 డిగ్రీల దగ్గర పోయండి. పిండేయాలనిపిస్తుంది, పిండొద్దు. పది లీటర్ల మురికి నూనెకు ఎనిమిదే చేతికొస్తుందని లెక్కేసుకోండి.

చలికాలం సంగతి వేరు. డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో తెల్లవారుజామున వేడి 10 డిగ్రీల కిందికి పోతుంది. వాడిన పామాయిల్ 20 దగ్గరే మసకబారి, అడుగున తెల్లగా ముద్దకడుతుంది. దీన్నే అక్కరకు తెచ్చుకోవచ్చు. చలి రాత్రుల్లో డ్రమ్మును బయట వదిలేసి నాలుగైదు రోజుల తర్వాత పైన తేటగా నిలిచిందే తోడుకోండి. ఉత్తరానికి వెళ్లే బండికి ఆ తేట. అడుగున మిగిలిన తెల్ల ముద్దను ఏప్రిల్ దాకా దాచుకోండి.

బిగింపులో చెప్పుకోవాల్సినవి కొన్నే. అసలు ట్యాంకులో డీజిల్, వెనక 40 లీటర్ల స్టీలు ట్యాంకులో నూనె. రేడియేటర్ వేడి నీళ్ల హోసు లోపలి నుంచే నూనె లైను ఇంజన్ దాకా వస్తే దారి పొడవునా వేడెక్కుతుంది. ఇంజన్ దగ్గర వేడి నీళ్ల వేడిని నూనెకు అందించే ఒక ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్, దాని తర్వాత నూనెకు విడిగా ఫిల్టర్, ఆ తర్వాత కరెంటుతో మారే ఆరు దారుల సోలినాయిడ్ వాల్వు. ఆరు దారులు ఎందుకంటే వచ్చే లైనుతో పాటు, కాలగా మిగిలింది ట్యాంకుకు తిరిగెళ్లే రిటర్న్ లైను కూడా మారాలి. మూడు దారుల వాల్వుతో సరిపెడితే రిటర్న్ నూనె డీజిల్ ట్యాంకులోకి చేరి, ఓ చల్లటి పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా బండి లేవదు. హోసులు నూనెను తట్టుకునే వైటాన్ రబ్బరు రకం వేయండి, మామూలు రబ్బరు ఉబ్బి జావగారుతుంది. పంపు ముందు ఒక వాక్యూమ్ గేజు పెట్టించండి. ముల్లు పెరుగుతుంటే ఫిల్టర్ నిండుతోందని బండి గుంజడం మొదలుకాకముందే తెలుస్తుంది.

నడపడం ఇలా: డీజిల్ మీద స్టార్ట్ చేసి, పంపు దగ్గర నూనె 70 డిగ్రీలు చేరాకే వాల్వు మార్చండి. ఆపే ముందు రెండు మూడు నిమిషాలు, బండి నడుస్తుండగానే, మళ్లీ డీజిల్‌కు వచ్చి లైను కడగాలి. టీ తాగడానికి పావుగంట ఆగితే కడగక్కర్లేదు. రాత్రి ఆగేటప్పుడు తప్పదు. కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్, నిర్మల్ మీదుగా వెళ్తే దారంతా నూనె మీదే పోవచ్చు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కడానికి ఇబ్బంది లేదు, లోడు మీద ఇంజన్ వేడిగా ఉండి నూనె బాగా కాలుతుంది. ఆ ఘాట్ దిగేటప్పుడు, ఊళ్లలో ట్రాఫిక్‌లో ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు డీజిల్‌కు మారండి. డీజిల్ మీద లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే జీపు నూనె మీద 11 ఇస్తుందనుకోండి. 600 కిలోమీటర్లకు 55 లీటర్లు, అంటే 50 కిలోలు. ట్యాంకు పోను మిగతాది మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో వెనక పెట్టుకోండి. దారిలో దొరికిన నూనెను ఆ రోజే ట్యాంకులో పోయొద్దు. మేడారం జాతరలో ఎన్ని బజ్జీ బండ్లున్నా సరే, ఆ నూనెకు ఆరే టైం లేదు.

వెంట ఉండాల్సినవి: రెండు నూనె ఫిల్టర్లు, ఒక డీజిల్ ఫిల్టర్, హోసు క్లిప్పులు, రెండు మీటర్ల హోసు, గాలి పడితే తీయడానికి 10, 12 స్పానర్లు. గాలి ఎక్కువగా క్లిప్పుల దగ్గరే పీలుస్తుంది. ఇంజన్ ఉన్నట్టుండి నీరసించి మళ్లీ తేరుకుంటుంటే ముందు అక్కడే చూడండి.

ఇంజనాయిల్ మామూలుగా మార్చే దూరంలో సగానికే మార్చండి. ప్రతి ఉదయం డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం పెరిగినా, వేళ్ల మధ్య రుద్దితే తీగలా సాగినా చాంబర్‌లోకి వంటనూనె చేరినట్టే. అప్పుడు వెంటనే డీజిల్‌కు మారి, మొదట వచ్చిన ఊళ్లోనే ఆయిల్ దించేయండి. అది ముద్దకడితే ఇంజన్ విప్పకుండా బయటికి రాదు.

కాగితాల మాట. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. రెండో ట్యాంకు బిగించే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ప్రమాదం జరిగాక సర్వేయర్ మొదట ఫొటో తీసేది ఆ ట్యాంకునే.