గ్యాస్ గోలీ ఆపి మళ్లీ రండి

పెళ్లయిన రెండో ఏడాది నుంచి నాకు నెలసరి తప్పడం మొదలైంది. ముందు రెండు నెలలకోసారి, తర్వాత నాలుగు నెలలకు. తప్పినప్పుడల్లా అత్తమ్మ ఆశపడేది. నేను బాత్రూంలో కార్డు మీద ఒక్క గీతే చూసి బయటికి వచ్చేదాన్ని.

హన్మకొండలో మొదట చూపించుకున్న చోట స్కానింగ్ చేసి పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటి బుడగలు అన్నారు. ఎనిమిది నెలలు గోలీలు మింగాను. అన్నం తగ్గించి జొన్నరొట్టె తిన్నాను, పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచాను. నాలుగు కిలోలు తగ్గాను. నెలసరి మాత్రం గోలీ వేసుకుంటేనే వచ్చేది.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. స్నానం చేసేటప్పుడు రొమ్ముల్లోంచి పాలచుక్కలు వచ్చేవి. పిల్లలు పుట్టనిదానికి పాలేంటి? భయం కన్నా సిగ్గే ఎక్కువ. బతుకమ్మకు పరకాల వెళ్లినప్పుడు వదినకు చెప్పేశాను. "ఏందే, గిన్ని రోజులు కడుపుల పెట్టుకున్నవా?" అని తిట్టి, తనే వెంటబెట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఈ మేడం ముందు గర్భం లేదని చూసుకుని, పాలు వచ్చేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్‌కు, థైరాయిడ్‌కు పరీక్షలు రాశారు. 25 లోపు ఉండాల్సిన ప్రొలాక్టిన్ 142. థైరాయిడ్ తక్కువైనా ఇది పెరుగుతుందట, నాది బాగానే ఉంది. వేరే మందులేమైనా వాడుతున్నావా అంటే లేదన్నాను. వదిన నా బ్యాగులోంచి గ్యాస్ గోలీల స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టింది. అందులో డోమ్‌పెరిడోన్ ఉంది, అదీ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది! "ఇది ఆపి వారం తర్వాత మళ్లీ రండి" అన్నారు. గ్యాస్ గోలీ కూడా మందేనని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆపినా 131 వచ్చింది. అప్పుడు ఎంఆర్‌ఐ. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి, అందులో 6 మిల్లీమీటర్ల గడ్డ. తలలో గడ్డ అనగానే మా ఆయన ముఖం పాలిపోయింది. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు ఎంతవుతుందో అక్కడే అడిగాడు. మేడం ఆపారు. ఇది క్యాన్సర్ కాదు, 10 మిల్లీమీటర్ల లోపుది, ఎక్కువమందికి మందుతోనే తగ్గుతుంది అన్నారు. "బాలింతకు పాలిచ్చేటప్పుడు కొన్నాళ్లు నెలసరి ఆగుతుంది చూడమ్మా, నీకు ఈ గడ్డ ఆ పాల హార్మోన్‌నే వదులుతోంది. అండాశయాలను పని చేయించే హార్మోన్లను అది అణిచేస్తుంది, అండం విడుదల కాదు. నీ అండాశయాల్లో లోపం లేదు." ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది వాటినే.

ప్రొలాక్టిన్ తగ్గించే మందు క్యాబర్‌గోలిన్ రాశారు, 0.25 మిల్లీగ్రాములు, ఆదివారం, గురువారం రాత్రి అన్నం తిన్నాక. మొదటి రాత్రి లేవబోతే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. వాంతి వచ్చేట్టుంది, చెయ్యి అలవాటుగా గ్యాస్ గోలీ కోసం వెతికింది. అదేమో ఈ మందుకు అడ్డమాయె. మూడు వారాలు అట్లనే తంటాలు పడ్డాను. నెలసరి మళ్లీ మొదలవకముందే గర్భం నిలవచ్చు, అనుమానం వస్తే కార్డు చూసుకుని వెంటనే చెప్పు అని మేడం ముందే హెచ్చరించారు.

ఆరు వారాలకు ప్రొలాక్టిన్ 38కి దిగింది. పాలు ఆగాయి. మూడో నెలలో ఏ గోలీ లేకుండా నెలసరి వచ్చింది.

"మళ్ల వచ్చిందా బిడ్డా" అని అత్తమ్మ దిగులుగా కూర్చుంది. నేను వంటింట్లోకి పోయి, వదినకు ఫోన్ చేసి, "వచ్చింది వదినా, దానంతట అదే వచ్చింది" అన్నాను.