80 దగ్గర ఆగిపోయే చెయ్యి

మన కమర్షియల్ ప్రాక్టీస్ విభాగంలో షార్ట్‌హ్యాండ్ నేర్చిన ఏ బ్యాచ్‌ని కదిలించినా ఒకే మాట: 60 స్పీడ్ (నిమిషానికి 60 మాటలు) ఇట్టే వచ్చింది, 80 దగ్గర నెలల తరబడి కదల్లేదు. ఈ సంచిక కొత్త పిల్లల చేతికీ వెళ్తుంది కాబట్టి ఆ 80 గురించే రాస్తున్నాను.

వేగమంతా వేళ్లలో ఉందనుకుంటాం. వేళ్ల వాటా చాలా తక్కువ. 80లో ఒక్కో మాటకు ముప్పావు సెకను దొరుకుతుంది, 120లో అర సెకను. అవుట్‌లైన్ (మాటకు షార్ట్‌హ్యాండ్‌లో రాసే రూపం) గుర్తురాక మూడు సెకన్లు తడుముకుంటే 80లో నాలుగు మాటలు, 120లో ఆరు మాటలు పోయినట్టే. అమెరికాలో టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్లను పరిశీలించి బ్రయన్, హార్టర్ అనే పరిశోధకులు 1890ల చివర్లో చెప్పిందీ ఇదే. మొదట అక్షరాలు పట్టుబడతాయి, తర్వాత మాటలు, ఆపైన పదాల గుంపులు. కింది మెట్టు చేతికి పూర్తిగా అలవాటయ్యేదాకా పై మెట్టు అందదు. అందాకా స్పీడ్ ఉన్నచోటే ఉంటుంది.

మనం రాసే పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ పద్ధతిలో ఆ కింది మెట్టు ఎక్కడ జారుతుందో చూడండి. ట్యాప్, టేప్, టిప్ మూడింటికీ టి, పి రెండే స్ట్రోకులు (హల్లుల గుర్తులు). టి కాగితం మీది రూళ్ల గీతకు పైన ఉంటే ట్యాప్, గీత మీద ఆగితే టేప్, గీతను కోస్తే టిప్. వేగంగా రాసేటప్పుడు అచ్చులు పెట్టం, స్థానమే అచ్చును చెప్పాలి. 60లో సందర్భాన్ని బట్టి చదివేస్తాం కాబట్టి స్థానం మీద అశ్రద్ధ పెరుగుతుంది. 100కు వచ్చేసరికి మూడూ ఒకేలా పడతాయి. అలాగే సన్న గీత పి, లావు గీత బి. పెన్సిల్ బిగించి పట్టేవాళ్లకు అన్నీ లావుగానే వస్తాయి, ‘పే’ కాస్తా ‘బే’ అవుతుంది. పట్టు వదులుగా ఉంటేనే ఆ తేడా నిలుస్తుంది.

సాధన ఇలా చెయ్యండి. 5 నిమిషాల పాసేజ్ 80లో రాసి, వెంటనే పైకి చదవండి. తడబడిన ప్రతి అవుట్‌లైన్‌కూ సరైన రూపం చూసి, పలుకుతూ ఒక వరుస నింపండి. తర్వాత అదే పాసేజ్‌ను నిమిషం ముక్కలుగా 100లో, చివరికి మొత్తం 90లో రాయండి. తిరిగి చదవని పది పాసేజ్‌ల కన్నా చదివిన రెండే మేలని గట్టిగా నమ్ముతాను. చదవకపోతే రోజూ బలపడేది తప్పు స్ట్రోకే.

డిక్టేషన్‌లో రాని మాట వస్తే ఖాళీ వదిలి సాగిపోవాలి. ఒకే గొంతుకు చెవి అలవాటు పడనివ్వకండి. మన హైదరాబాద్‌లో తెలుగు యాస ఇంగ్లిషూ వినాలి, ఉర్దూ యాస ఇంగ్లిషూ వినాలి. కనీసం ముగ్గురి చేత చదివించుకోండి. రోడ్డు మీద బస్సుల మోత ఉన్నా కిటికీ మూయొద్దు.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రేడ్ డి స్టెనోగ్రాఫర్ పరీక్షలో 80 చొప్పున 10 నిమిషాలు, అంటే 800 మాటలు. ఎప్పుడూ 5 నిమిషాలే రాసిన చెయ్యి ఆ తర్వాత బిగుసుకుంటుంది. అందుకే వారానికి రెండుసార్లయినా 12 నిమిషాలు ఆపకుండా రాయాలి. పేజీ తిప్పడం కూడా విడిగా సాధన చెయ్యాల్సిందే: ఇంకా మూడు వరుసలుండగానే ఎడమ బొటనవేలు కాగితాన్ని కొద్దికొద్దిగా పైకి జరుపుతూ ఉండాలి, ఆఖరి అవుట్‌లైన్ పడేసరికి అది పూర్తిగా తిరగాలి.